తంబూరా మీద ఎవరూ విసుక్కోరు

అందరికీ నమస్కారం.

ముందే ఒక ఒప్పందం చేసుకుందాం. ఇవాళ వినిపించే డాన్స్ మ్యూజిక్ పాటల్ని రేపు ఫోన్ స్పీకర్‌లో విని, బాగోలేదని నాకు చెప్పకండి. వీటిలో సగం సంగతి మంద్ర స్థాయిలోనే ఉంటుంది. ఫోన్‌లో ఆ సగం వినపడదు. అందుకే ఈ రెండు పెద్ద డబ్బాలు అద్దెకు తెచ్చాను. దారిలో ఆటో డ్రైవరు "బరాత్ ఎక్కడ సార్?" అని అడిగాడు. సంగీతం మీద ఉపన్యాసం అంటే నమ్మలేదు.

పారిస్‌కు చెందిన డాఫ్ట్ పంక్ అనే జంట 1997లో 'అరౌండ్ ది వరల్డ్' అనే పాట చేసింది. సాహిత్యం మొత్తం ఆ మూడు మాటలే. ఆల్బంలో ఉన్న ఏడు నిమిషాల పాటలో అవి 144 సార్లు వస్తాయి. మా మేనత్త సంగీతం పాఠాలు చెప్పేది. ఒకరోజు ఇది మోగుతుంటే వంటింట్లోంచి వచ్చి, "రికార్డు ఎక్కడో గీత పడినట్టుంది, చూడరా" అంది. ఆవిడ తప్పేమీ లేదు. మనకు పాట అంటే పల్లవి, ఆ తర్వాత చరణం. చరణం రాకపోతే పాట ఇంకా మొదలే కాలేదనిపిస్తుంది.

అదే అత్త కచేరీలో కూర్చుంటే మూడు గంటలు తంబూరా ఒకేలా మోగుతున్నా విసుక్కోదు. ధ్యాసంతా దాని మీద పాడేవాళ్ల దగ్గర ఉంటుంది. డాన్స్ మ్యూజిక్‌లో ధబ్ ధబ్‌మనే ఆ దరువును కూడా తంబూరా అనుకోండి. దాన్ని దాని మానాన మోగనిచ్చి, పైన ఏది కదులుతోందో వెతకండి. ఈ పాటకు మిషెల్ గోండ్రీ తీసిన వీడియో చూస్తే ఆ పని ఇంకా తేలిక. ఒక్కో వాద్యానికి ఒక్కో గుంపు నర్తకులు ఉంటారు. మమ్మీల వేషాలు డ్రమ్ములకు, అస్థిపంజరాలు గిటారుకు. మెట్లెక్కి దిగే పొడుగాటి ఆటగాళ్లు బేస్‌కు, అంటే మంద్ర స్వరాలు వాయించే వాద్యానికి. రెండోసారి చూసేటప్పుడు ఆ ఆటగాళ్లనే చూడండి. 144 సార్లు వచ్చిన మాట మీ చెవిన కూడా పడదు.

ఇప్పుడు ఇరవై ఏళ్లు వెనక్కి, 1977కి, జర్మనీలోని మ్యూనిక్‌కి వెళ్దాం. ఇటలీవాడైన జార్జియో మొరోడర్, ఇంగ్లండ్ నుంచి వచ్చిన పీట్ బెలాట్, అమెరికన్ గాయని డొనా సమ్మర్ కలిసి ఒక ఆల్బం చేస్తున్నారు. ఒక్కో పాటా ఒక్కో కాలపు బాణీలో ఉండాలి, ఆఖరిది భవిష్యత్తు బాణీలో. ఆ ఆఖరి పాటే 'ఐ ఫీల్ లవ్'. దానికి మామూలు వాద్యబృందం వద్దనుకుని మూగ్ సింథసైజర్ పెట్టారు. కరెంటుతో స్వరాలు పుట్టించే, నిండా వైర్లతో బీరువాలా ఉండే యంత్రం అది. కాసేపటికే శ్రుతి తప్పేది. సరిచేసుకుంటూ ముక్కలు ముక్కలుగా రికార్డు చేశారు. దరువు మాత్రం ఆ యంత్రంతో కుదరలేదు, దెబ్బలో బలం చాలలేదు. చివరికి కీత్ ఫోర్సీ అనే డ్రమ్మరును కూర్చోబెట్టి పాట పొడుగునా కాలితో కొట్టించారు. యంత్రాల పాట అని పేరొచ్చింది గానీ దెబ్బ మనిషిదే.

దీన్ని హెడ్‌ఫోన్స్‌తో వినండి. పరుగెత్తే ఆ బేస్ ఒక చెవిలో మోగితే, దాని ప్రతిధ్వని వెంటనే రెండో చెవిలో తగులుతుంది. అసలు స్వరాల మధ్య ఖాళీల్లో ప్రతిధ్వని వచ్చి కూర్చోవడం వల్ల అంత వేగం ఉన్నట్టు అనిపిస్తుంది. పైన డొనా సమ్మర్ గొంతు మాత్రం ఏ తొందరా లేకుండా, మబ్బులా తేలుతుంటుంది. కింద గుర్రాలు, పైన మబ్బు. నలభై ఏళ్లు దాటినా నాకు ఈ పాటలో పాతవాసన తగలదు. అప్పట్లో సంగీతకారుడు బ్రయన్ ఈనో ఈ రికార్డు పట్టుకుని పరుగున వచ్చి, రాబోయే కాలపు చప్పుడు ఇదేనన్నాడని ఇంగ్లిష్ గాయకుడు డేవిడ్ బౌయీ చెప్పేవాడు.

1983లో మాంచెస్టర్ నుంచి వచ్చిన న్యూ ఆర్డర్ బృందం 'బ్లూ మండే'లో ఒక చిన్న పొరపాటు ఉంది. యంత్రంలోకి స్వరాలు ఎక్కించేటప్పుడు ఒకటి వదిలేశారు. దాంతో సింథసైజర్ వరస దరువుతో అతకకుండా కాస్త పక్కకు జరిగి నడుస్తుంది. బాగుందని అలాగే ఉంచేశారు. అది ఎక్కడుందో మీరే పట్టుకోండి.

ఇక చికాగో. 1979 జూలై 12న కొమిస్కీ పార్క్‌లో బేస్‌బాల్ ఆటలు. ఒక డిస్కో రికార్డు తెచ్చినవాళ్లకు టికెట్టు 98 సెంట్లే. రెండు ఆటల మధ్య ఆ రికార్డుల్ని మైదానం నడుమ పేల్చేశారు. జనం మైదానంలోకి దూకి నానా రభసా చేయడంతో రెండో ఆట జరగనేలేదు. ఏదో సరదాకి చేశామన్నారు. నల్లజాతి వాళ్లు, లాటినోలు, గే యువకులు ఎక్కువగా నాట్యమాడిన సంగీతాన్నే తగలబెట్టడం కాకతాళీయమని నేను అనుకోను.

అదే ఊళ్లో వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ 1977 నుంచీ సరిగ్గా ఆ జనానికే రికార్డులు వేస్తున్నాడు. ఆ క్లబ్బు పేరులోని చివరి ముక్కే 'హౌస్ మ్యూజిక్' అయింది. 2004లో ఆ వీధికి ఆయన పేరు పెట్టారు. హౌస్‌లో ముందు మార్షల్ జెఫర్సన్ 'మూవ్ యువర్ బాడీ' వినండి, 1986 నాటిది. ఆయన పోస్టాఫీసు ఉద్యోగి, పియానో వేగంగా వాయించడం రాదు. నెమ్మదిగా వాయించి, రికార్డు చేసి, వేగం పెంచాడు. ఆ పియానో విని, వేగంగా వాయించడం రానివాడని ఎవరూ అనుకోరు.

పక్కన డెట్రాయిట్‌లో డెరిక్ మే చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్'లో అసలు బేసే లేదు. ఈ డబ్బాలకు కాస్త విశ్రాంతి.

జపాన్‌కు చెందిన రోలాండ్ కంపెనీ 1980ల మొదట్లో టీబీ-303 అనే చిన్న పెట్టె అమ్మింది. ఒంటరిగా గిటారు సాధన చేసుకునేవాళ్లకు పక్కన బేస్ వాయించడానికి. అది బేస్ గిటారులా ఏ కోశానా మోగదు. ఎవరూ కొనక 1984కల్లా ఆపేశారు. పాత సామాన్ల ధరకు దొరికిన ఆ పెట్టెతో చికాగోలో ఫ్యూచర్ అనే ముగ్గురు కుర్రాళ్లు అది మోగుతుండగానే దాని నాబ్‌లు తిప్పుతూ పోయారు. కప్ప గొంతు సవరించుకున్నట్టుండే ఆ చప్పుడుతో 1987లో 'ఆసిడ్ ట్రాక్స్' వచ్చింది. పదకొండు నిమిషాలు దాటుతుంది. రాన్ హార్డీ అనే డీజే క్లబ్బులో మొదటిసారి వేస్తే అందరూ పక్కకు తప్పుకున్నారట. ఆ రాత్రే నాలుగోసారి వేసేసరికి ఊగిపోయారట. ఒక్కసారి విని వదిలేయొద్దని నేను బతిమాలేది అందుకే.

ఇక్కడ మనకో ముచ్చట ఉంది. అదే పెట్టెను, అదే కంపెనీ డ్రమ్ము యంత్రం టీఆర్-808ను పెట్టుకుని, బొంబాయి సినిమా వాద్యబృందాల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లోనే డిస్కో దరువు మీద పది రాగాలు వాయించి రికార్డు విడుదల చేశాడు. చికాగో కంటే ఐదేళ్లు ముందు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక గానీ ప్రపంచానికి తెలియలేదు. అందులో భూపాలి మన మోహన, యమన్ మన కల్యాణి, మాల్కౌంస్ మన హిందోళం.

ఆ హిందోళం ఒకసారి మా అత్తకు పేరు చెప్పకుండా వినిపించాను. పది సెకన్లలో రాగం చెప్పేసింది. ఇంకో రెండు నిమిషాలు కళ్లు మూసుకుని విని, ఒకచోట గమకం చాలలేదంది. దరువు సంగతి ఎత్తనేలేదు.

ఇప్పుడు అదే పెడుతున్నాను.