పానగల్లు నడక: చెరువు కట్ట మొదలు రాకాసి గుళ్ల దాకా

సభకు విచ్చేసిన పెద్దలకు, రేపటి నడకకు పేర్లిచ్చిన విద్యార్థులకు నమస్కారం.

నల్లగొండ పట్టణాన్ని ఆనుకొని ఉన్న పానగల్లును మనలో చాలామందిమి బస్సు కిటికీలోంచి చూసినవాళ్లమే. కల్యాణి చాళుక్యులకు, ఆ తరువాత కాకతీయులకు సామంతులైన కందూరు చోడులు ఈ ఊరిని రాజధానిగా చేసుకోవడానికి ఆధారమేమిటో తెలియాలంటే మాత్రం ఉదయ సముద్రం చెరువు కట్ట మీద కాలినడకన సాగాలి. నేల ఎటు వాలుతోందో, తూము కింది ఆయకట్టు ఎక్కడ మొదలై ఎక్కడ మెరకకు తగిలి ఆగిపోతోందో కాళ్లకు తెలిసినంతగా కళ్లకు తెలియదు. ఆనాటి ఈ చెరువులోకి ఇప్పుడు కాలువ ద్వారా కృష్ణా నీళ్లు చేరి, ఫ్లోరైడ్ పీడించిన పల్లెలకు తాగునీరుగా వెళ్తున్నాయి.

కట్ట దిగి పొలాల వైపు నడిస్తే ఛాయా సోమేశ్వరాలయం వస్తుంది. మూడు గర్భగుడులున్న ఆ త్రికూటాలయంలో లింగం వెనుక గోడ మీద పగలంతా నిలిచి ఉండే స్తంభాకారపు నీడను చూసి వెనుదిరగడమే మనకు అలవాటు. ఎండ నేరుగా లోపల పడకపోయినా, మండపపు స్తంభాల సందుల్లోంచి వేర్వేరు వైపుల నుంచి చొరబడే వెలుతురు వల్ల ఆ ఛాయ ఏర్పడుతుంది. నన్నడిగితే, నీడకిచ్చినంత సమయం కోనేటికీ ఇవ్వాలి, ఎందుకంటే చెరువును, గుడిని, పొలాన్ని కలిపి చూడవలసిన చోటు అదే.

ఇక మన నడక చేరే రాకాసి గుళ్ల సంగతి. మన పల్లెల్లో రాకాసి గుళ్లనీ పాండవుల గుళ్లనీ పిలిచేవి నిజానికి ఇనుప యుగపు సమాధులు. పెద్ద గుండ్రాళ్లను వలయంగా పేర్చి, నడుమ బండలతో పెట్టె వంటి గదిని కట్టి, చనిపోయినవారి ఎముకలతో పాటు నలుపు ఎరుపు కుండలను, ఇనుప పనిముట్లను అందులో ఉంచేవారు. నాగార్జునసాగర్ నీటిలో మునిగిపోకముందు ఏలేశ్వరంలో జరిపిన తవ్వకాల్లో ఇటువంటివి బయటపడ్డాయి. సాగుకు పనికిరాని రాతి మెరకల మీద, తరచుగా చెరువులకు చేరువలోనే ఇవి కనిపిస్తాయి. అంతమాత్రాన ఆ సమాధులు కట్టినవారే చెరువులూ తవ్వారని తేల్చేయడం తొందరపాటు, ఎందుకంటే మన చెరువుల్లో చాలావాటికి శాసనాలు చెప్పే కాలం ఆ సమాధులకు ఎన్నో శతాబ్దాల తరువాతిది. పల్లాన్ని పంటకు వదిలి మెరకను మృతులకు కేటాయించారన్నంతవరకు చెప్పుకోవచ్చు.

ఆ మెరకలే ఇవాళ ప్లాట్లుగా, కంకర మిల్లులకు రాయిగా మారిపోతున్నాయి. కాబట్టి పానగల్లులో నేల వాలును చదవడం నేర్చుకున్నాక, మీ మీ ఊళ్లలో ఎక్కడైనా రాళ్ల వలయం కనిపిస్తే ఒక్క రాయినీ కదపకుండా దాని అడ్డుకొలత, భూమి సర్వే నంబరు, దగ్గరి చెరువు పేరు, మత్తడి (అలుగు) పారే దిక్కు రాసుకొని పురావస్తు శాఖకు తెలియజేయండి.