తేటనీటి సరస్సు

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఒక సరస్సు గురించి చెప్తాను. ఒడ్డున నిలబడితే అడుగునున్న రాళ్లు లెక్కపెట్టవచ్చు, నీళ్లు అంత తేటగా ఉంటాయి. చూడగానే దోసిలి పట్టాలనిపిస్తుంది. కానీ ఆ నీళ్లలో ఒక్క చేప లేదు.

స్వీడన్, నార్వేల దక్షిణ భాగంలో ఇలా చేపలు లేకుండా పోయిన సరస్సులు ఎన్నో. చుట్టూ అడవే, పెద్ద ఫ్యాక్టరీలేవీ లేవు. మరి ఏమైంది? 1960ల చివర్లో స్వాంటే ఓడెన్ అనే స్వీడన్ శాస్త్రవేత్త వాన నీటి లెక్కలు ముందు పెట్టుకుని, ఇది బ్రిటన్ నుంచి, మధ్య యూరప్ నుంచి గాలిలో కొట్టుకొచ్చిన పొగ పని అన్నాడు.

బొగ్గులో గంధకం ఉంటుంది. కాలితే సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. వాహనాల పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లు ఉంటాయి. ఇవి మబ్బుల్లో చేరి సల్ఫ్యూరిక్ ఆమ్లం, నైట్రిక్ ఆమ్లంగా మారి వానతో దిగుతాయి. దీన్నే ఆమ్లవాన అంటారు. నిజానికి మంచి వానకూ కాస్త పులుపుంటుంది, పీహెచ్ 5.6 దాకా. పీహెచ్ అంటే పులుపును కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. అది 4.6కి దిగితే పులుపు పదింతలైనట్టు.

ఇక చేప సంగతి. ఆ పులుపు నేలలోని అల్యూమినియాన్ని కరిగించి సరస్సులోకి తెస్తుంది. అది మొప్పలకు పట్టుకుంటుంది. మొప్పల మీద జిగురు ఊరి చేపకు ఊపిరాడదు. ముందు పోయేవి గుడ్లు, పిల్లలు. చలికాలమంతా మంచులో దాగిన ఆమ్లం, మంచు కరగగానే ఒక్కసారిగా వచ్చి పడుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లు వలకు పెద్ద చేపలే దొరుకుతాయి. జాలరికి సంతోషమే. పిల్లచేపలు రావడం లేదని ఎవరికి తడుతుంది? ఆ పెద్దవి కూడా అయిపోయాక మిగిలేది తేటనీరే. ఇది చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది.

పొగ ఊరి మీద పడకూడదని అప్పట్లో చిమ్నీలను ఎత్తుగా కట్టారు. పొగ వందల కిలోమీటర్లు దాటి ఇంకొకరి సరస్సులో పడింది. కంటికి కనపడకపోతే పోయినట్టేనా?

స్వీడన్ 1970ల నుంచి సరస్సుల్లో సున్నపురాయి పొడి చల్లిస్తోంది, కొన్నిచోట్ల హెలికాప్టర్లతో. చాలాచోట్ల చేపలు తిరిగొచ్చాయి. కానీ ఆమ్లవాన పడుతున్నన్నాళ్లూ మళ్లీ మళ్లీ చల్లాల్సిందే. అదే సున్నపురాయిని చిమ్నీ దగ్గరే వాడుకోవచ్చు. దాని పొడి కలిపిన నీళ్లను పొగ మీద చిలకరిస్తే సల్ఫర్ డయాక్సైడ్‌లో 90 శాతానికి పైగా అక్కడే ఆగుతుంది. మిగిలేది జిప్సం. గోడలకు వాడే బోర్డులు దాంతోనే చేస్తారు.

అందుకే, ఎక్కడైనా బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం మాట వస్తే చిమ్నీ ఎత్తు ఎంతని అడిగి ఊరుకోకండి. పొగను కడిగే యంత్రం పెట్టారా? పెడితే, రోజూ నడుపుతున్నారా? ఈ రెండూ అడగండి.