జీతపు చీటీ నుంచి మొదలయ్యే లెక్క

సభకు నమస్కారం. ఉద్యోగంలో వివక్షకు గురైన వ్యక్తి న్యాయవాదిని సాధారణంగా ముందు అడిగే ప్రశ్న, "నాకెంత వస్తుంది?" అన్నదే. వెంటనే ఒక పెద్ద అంకె చెప్పేవారిని నమ్మవద్దని నా మనవి. మనసుకు తగిలిన గాయం ఎంత లోతైనదైనా, పరిహారం లెక్క జీతపు చీటీల దగ్గరే మొదలవుతుంది.

జీతం, బోనస్, బీమాకు యజమాని కట్టే వాటా అన్నీ కలిపి నెలకు 100 అనుకుందాం. ఉద్యోగం పోయి 18 నెలలైంది. ఆరు నెలలు ఖాళీగా ఉండి, ఏడో నెల నుంచి 70 వచ్చే కొలువులో చేరారు. మొదటి ఆరు నెలల నష్టం 600, తరువాతి 12 నెలల్లో నెలకు 30 చొప్పున 360, మొత్తం 960. గట్టిగా ప్రయత్నిస్తే ఆ కొలువు మూడు నెలలకే దొరికేదని యజమాని తరఫు వకీలు వాదిస్తారు. ఆ వాదన నిలిస్తే నష్టం 750కి దిగుతుంది. దాన్ని నిరూపించే భారం అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ యజమానిదే అయినా, పెట్టుకున్న దరఖాస్తుల నకళ్లు దాచుకోని ఉద్యోగి తన 210ని కాపాడుకోవడం కష్టం.

చేజారిన పదోన్నతిని పూర్తిగా లెక్కలో వేయకూడదు. నెలకు 20 అదనంగా తెచ్చే పదవి దక్కే అవకాశం నూటికి 40 పాళ్లు ఉంటే, బ్రిటన్ ట్రిబ్యునళ్ల పద్ధతిలో అది నెలకు 8 కిందే లెక్క.

మనోవేదనకు మాత్రం చీటీ ఉండదు. బ్రిటన్‌లో 2002 నుంచి తీవ్రతను బట్టి మూడు అంతరువులు పాటిస్తున్నారు. అమెరికాలో 1991 నాటి చట్టం మనోవేదనకు, శిక్షార్థక పరిహారానికి కలిపి గరిష్ఠ పరిమితి పెట్టింది: 15 నుంచి 100 మంది పనిచేసే సంస్థకు 50,000 డాలర్లు, 500 దాటితే 3,00,000. పోయిన జీతం ఆ పరిమితిలోకి రాదు. రాబోయే జీతనష్టం కూడా రాదని అక్కడి సుప్రీంకోర్టు 2001లో తేల్చింది. జాతి వివక్షకైతే పరిమితి లేని పాత చట్టం వేరే ఉంది. సంస్థలో ఎందరున్నారన్నదాన్ని బట్టి ఒక మనిషి వేదనకు హద్దు మారడం నాకు నేటికీ మింగుడుపడలేదు.

ఇక రాజీ బేరం. అన్నీ కలిపి 1,500 తేలి, గెలిచే అవకాశం సగమే అయితే దాని విలువ 750. విచారణ ఖర్చు 150 తీస్తే 600. అంతకంటే తక్కువకు సంతకం చేసే ముందు, అవకాశం సగమేనని ఎవరు, ఏ సాక్ష్యం చూసి చెప్పారో అడగండి.