యూనీయ ఎవరు? ఒక చిన్న గుర్తు చుట్టూ నడిచిన పెద్ద వాదం

పెద్దలకు, సహోదరీ సహోదరులకు నా వందనాలు.

పౌలు రోమాలోని విశ్వాసులకు రాసిన రోమా పత్రికలో 16వ అధ్యాయం దాకా వచ్చేసరికి మనలో చాలామంది బైబిలు మూసేస్తాం. అక్కడున్నవన్నీ పేర్లే కదా అనుకుంటాం. సండే స్కూల్లో మాకు కూడా దాన్ని ఎవరూ చదివించలేదు. ఈ సాయంకాలం ఆ పేర్లలో ఒక్కదాని దగ్గర ఆగుదాం. 7వ వచనంలో పౌలు అంద్రొనీకుకు, యూనీయకు వందనాలు చెబుతున్నాడు. వాళ్లిద్దరూ తనకు బంధువులట, తనతోపాటు ఖైదు అనుభవించినవారట, తనకంటే ముందే క్రీస్తునందున్నవారట. అంతేకాదు, "అపొస్తలులలో ప్రసిద్ధికెక్కినవారు."

ఈ యూనీయ ఆడమనిషా, మగమనిషా?

తెలుగు బైబిలు చదివేవారికి ఈ అనుమానమే రాదు. మన భాషలో "వారు" అన్నామంటే ఆడా మగా అందులో కలిసిపోతారు. పేరును బట్టి పోల్చుకుందామన్నా కుదరదు. అపొస్తలుల కార్యములలో అననీయ పురుషుడు, లూదియ స్త్రీ. రెండు పేర్లూ "య"తోనే ముగుస్తాయి. అందుకని అపొస్తలులన్న మాట వినగానే ఇద్దరు మగవాళ్లను ఊహించుకుని ముందుకు సాగిపోతాం. నేనూ చాలా ఏళ్లు అలాగే చదివాను.

గ్రీకులో చిక్కు వేరే రకం. అక్కడ ఆ పేరు ద్వితీయా విభక్తిలో ఉంది. యూనియా (మన తెలుగు బైబిలులో యూనీయ) అనే స్త్రీ పేరుకైనా, యూనియాస్ అనే పురుషుడి పేరుకైనా ఆ రూపంలో అక్షరాలు ఒకటే. తేడా అంతా పైన పెట్టే స్వరచిహ్నంలో ఉంది. మధ్య అచ్చు మీద పెడితే స్త్రీ, చివరి అచ్చు మీద మరో రకం గుర్తు పెడితే పురుషుడు. తొలి శతాబ్దాల ప్రతుల్లో ఈ గుర్తులు రాసే అలవాటు లేదు. 9వ శతాబ్దం తర్వాత లేఖకులు గుర్తులు పెట్టడం మొదలుపెట్టినప్పుడు స్త్రీ పేరుగానే పెట్టారు. క్రీ.శ. 200 ప్రాంతానిదని చెప్పే ఒక పపైరస్ ప్రతిలో ఇక్కడ "యూలియా" అని ఉంది. అది లేఖకుడి పొరపాటే అయినా, అదీ ఆడ పేరే.

అంతకంటే బలమైన సాక్ష్యం తొలినాటి సంఘంలో గొప్ప ప్రసంగికుడు, బిషప్ అయిన యోహాను క్రిసోస్తొముది. ఆయన మాతృభాష గ్రీకు, 407లో చనిపోయాడు. ఈ వచనం మీద ప్రసంగిస్తూ, అపొస్తలురాలన్న పేరుకు తగినదని ఎంచబడిందంటే ఈ స్త్రీ జ్ఞానం ఎంత గొప్పదో అని ఆశ్చర్యపోయాడు. స్త్రీలు సంఘంలో బోధించాలని వాదించిన మనిషి కాదాయన. అందుకే ఆయన మాటకు నా దృష్టిలో అంత విలువ.

మరి ఆమె మగవాడిగా ఎప్పుడు మారింది? 1522లో లూథర్ జర్మన్ అనువాదం ఆ పేరుకు పురుషులకు వాడే ఉపపదం (ఆర్టికల్) తగిలించింది. 1611 నాటి కింగ్ జేమ్స్ అనువాదంలో మాత్రం యూనియాగానే ఉంది. పండితులందరూ వాడే నెస్లే గ్రీకు కొత్త నిబంధన ముద్రణ 1927లో స్వరచిహ్నాన్ని పురుషుడి వైపు జరిపింది. కొత్త ప్రతి ఏదీ దొరికి కాదు. 1946లో అమెరికాలో వచ్చిన సవరించిన అనువాదం ఏకంగా "పురుషులు" అనే రాసింది. దాని వెనుక ఉన్న తర్కాన్ని విప్పి చూస్తే బాధ కలుగుతుంది: అపొస్తలులు పురుషులే అయ్యుండాలి, ఇతను అపొస్తలుడు, కాబట్టి ఇతను పురుషుడు. రుజువు చేయాల్సిన సంగతినే రుజువుగా వాడుకున్నారు.

1977లో బెర్నడెట్ బ్రూటెన్ అనే పండితురాలు దీన్ని నిలదీశారు. ప్రాచీన రోమ్ శాసనాల్లో యూనియా అనే స్త్రీ పేరు 250 సార్లకు పైగా కనిపిస్తుంది. యూనియాస్ అనే మగ పేరు ఒక్కసారి కూడా కనిపించదు. చివరికి 1998లో గ్రీకు ముద్రణ తిరిగి స్త్రీ రూపానికి వచ్చింది.

వాదం అక్కడితో ఆగలేదు. 2001లో మైకేల్ బ్యూరర్, డేనియల్ వాలెస్ అనే బైబిలు పండితులు మరో వైపు నుంచి వచ్చారు. యూనియా స్త్రీయే కావచ్చు, కానీ ఆ గ్రీకు మాటలకు అర్థం అపొస్తలుల "మధ్య" ప్రసిద్ధులని కాదు, అపొస్తలులకు "బాగా తెలిసినవారు" అని అన్నారు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మన "లో" విభక్తిలోనూ ఇదే చిక్కుంది. "డాక్టర్లలో పేరున్నవాడు" అంటే డాక్టరే. "రైతుల్లో పేరున్న ఎరువుల వ్యాపారి" అంటే ఆయన రైతు కానక్కర్లేదు. గ్రీకులోనూ అంతే: ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ నాటకంలో అఫ్రొదితె దేవత మర్త్యులలో ప్రసిద్ధురాలు, తాను మర్త్యురాలు కాదు. అయితే రిచర్డ్ బాకమ్, లిండా బెల్విల్ వంటి పండితులు బ్యూరర్, వాలెస్ చూపిన ఇలాంటి ఉదాహరణలను ఒక్కొక్కటే పరిశీలించి, అవి ఆ వాదాన్ని మోయలేవని చూపించారు. నేను వారి పక్షమే. గ్రీకు తల్లిభాషగా ఉన్న క్రిసోస్తొముకు రెండో అర్థం తోచనే లేదు.

ఇక్కడ అపొస్తలులంటే యేసు ఎంచుకున్న పన్నెండుమంది శిష్యులే కాదు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. 1 కొరింథీ 15లో పౌలు పన్నెండుమందిని ఒకచోట, "అపొస్తలులందరినీ" మరోచోట చెబుతాడు. యూనియా ఆ పెద్ద గుంపులోది.

ఇది గ్రీకు వచ్చినవాళ్ల గొడవ, మనకెందుకు అనకండి. "బైబిల్ స్త్రీలు" అని పిలిచే సువార్త పరిచారికలు పల్లెపల్లెకూ తిరిగి వాక్యం చెప్పిన నేల మనది. దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్‌గా 2013లో నంద్యాలలో బాధ్యత తీసుకున్నది తెలుగు స్త్రీ, పుష్పలలిత గారు. ఒక్క వచనంతో స్త్రీల అభిషేకం ప్రశ్న తేలిపోతుందని నేననను. అయితే ఆ ప్రశ్నను చర్చించేటప్పుడు, ఉన్న సాక్షిని లేకుండా చేసి చర్చించకూడదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆపేది "తోడి ఖైదీలు" అన్న మాట. ఆమె ఏ ఊళ్లో, ఏ నేరం మీద ఖైదులో పడిందో పౌలు రాయలేదు. పత్రిక అందుకున్న రోమా సంఘానికి చెప్పక్కర్లేకపోయి ఉండవచ్చు. ఆమె వాళ్ల మధ్యే ఉంది.

స్త్రీ బోధించకూడదని చెప్పే 1 తిమోతి 2వ అధ్యాయం సంగతేమిటని మీలో కొందరి మనసులో మెదులుతూ ఉంటుంది. అడగండి, మాట్లాడుకుందాం.