ముందు వాట్లు చూడండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదవమని చీటీ ఇచ్చారు. వాళ్లు మీకు తెలుసు, మీరు వాళ్లకు తెలుసు. నాకున్నది పావుగంట. అందుకని విషయంలోకి వచ్చేస్తున్నాను, పెద్దలు ఏమీ అనుకోకండి.

కంప్యూటర్ మీద గంటల తరబడి వీడియో రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోని తుది ఫైలుగా తయారుచేయడం), కంపైలింగ్ (రాసిన కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చడం) చేసేవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపించగానే కంగారుపడి దాన్ని చల్లబరిచే కొత్త కూలర్ కొన్నవాళ్లు చేతులెత్తండి. మొహమాటపడకండి. అబ్బో, సగం హాలు!

నాకిచ్చిన అంశం కూలర్ ఎంపిక. అది రెండు ముక్కల్లో అయిపోతుంది. దుమ్ము దులపండి, గాలి వచ్చే దారీ పోయే దారీ మూసేయకండి, ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించే పేస్ట్ ఎండిపోతే మార్చండి. నా బాధ వేరే ఉంది.

మా ఆఫీసులో రెండరింగ్‌కి ఒక మెషీన్ కొన్నారు. పని మొదలుపెట్టిన కాసేపటికే 100 డిగ్రీలు. సర్వీసతను వచ్చి పేస్ట్ మార్చాడు. తగ్గలేదు. కూలర్ చిన్నదన్నాడు, లిక్విడ్ కూలింగ్ పెట్టించారు. అప్పుడూ 100 డిగ్రీలే, పైగా ఫ్యాన్ల మోత. ఆఖరికి ప్రాసెసరే పోయిందన్నాడు. అప్పటిదాకా అది ఎన్ని వాట్లు తాగుతోందో ఒక్కరూ చూడలేదండీ! బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే, ప్రాసెసర్ తాగగల కరెంటుకు హద్దు, అదే పవర్ లిమిట్, 4096 వాట్లు. గది వెచ్చబెట్టే హీటరుకు కూడా అంత ఉండదు.

అంటే హద్దే లేదన్నమాట. బెంచ్‌మార్కుల్లో, అంటే స్పీడు కొలిచే పరీక్షల్లో, పైన కనబడాలని మదర్‌బోర్డు తయారీదారులు చేస్తూ వచ్చిన పని ఇది. ఇంటెల్ ఐ9-13900కె ప్రాసెసర్ తీసుకోండి. కంపెనీ లెక్కలో బేస్ పవర్ 125 వాట్లు, టర్బోలో, అంటే పూర్తి స్పీడులో, గరిష్ఠం 253. ఆ హద్దు తీసేస్తే కూలర్ ఎంత పెద్దదైతే ప్రాసెసర్ అంత ఎక్కువ కరెంటు లాగుతుంది, మళ్లీ అదే 100 దగ్గరికి చేరుతుంది. మా లిక్విడ్ కూలింగ్ డబ్బులు అలా పోయాయి.

95 చూడగానే టెన్షన్ పడకండి. ఏఎమ్‌డీ కంపెనీ ప్రాసెసర్లు రైజెన్ 7000 వరుస 2022లో వచ్చినప్పుడు, గట్టి పని మీద 95 దాకా వెళ్లేలాగే దాన్ని డిజైన్ చేశామని ఏఎమ్‌డీయే చెప్పింది. వాట్లను ఎగదోసేది వోల్టేజి. పని చేసేటప్పుడు ఖర్చయ్యే వాట్లు వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి పెరుగుతాయి. అదే స్పీడులో వోల్టేజి 10 శాతం తగ్గిస్తే ఆ ఖర్చు 19 శాతం తగ్గుతుంది. ప్రాసెసర్ అందుకోగల స్పీడులో చివరి కాస్త కోసమే వోల్టేజి ఎగబాకుతుంది. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్‌లు క్రాష్ అయిన గొడవ గుర్తుందా? అక్కడా అధిక వోల్టేజే. 2024 ఆగస్టులో ఇంటెల్ వాళ్లు మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణ ఇచ్చారు, వారంటీ 2 ఏళ్లు పెంచారు.

మళ్లీ చెబుతున్నాను, ముందు వాట్లు చూడండి. ఇంటికెళ్లి అరగంట పట్టే మీ రోజువారీ ప్రాజెక్టునే రెండర్ చేయండి. పవర్ లిమిట్ మెట్టుమెట్టుగా దించుతూ ప్రతిసారీ ఎంత టైము పట్టిందో రాసుకోండి. వోల్టేజి దించేవాళ్లు మాత్రం తొందరపడొద్దు. మరీ దించితే మెషీన్ సగం పనిలో ఆగిపోతుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఆ సదుపాయమే ఉండదు.

గంట కొడుతున్నారు, వినబడింది. ఒక్క మాట. మదర్‌బోర్డులు అమ్మేవాళ్లు ఎవరైనా ఈ హాల్లో ఉంటే, అయ్యా, డబ్బా మీద రంగురంగుల లైట్ల బొమ్మ పక్కనే ఫ్యాక్టరీలో పెట్టిన పవర్ లిమిట్ ఎన్ని వాట్లో కూడా అచ్చేయించండి. కూలర్ల మీద ప్రశ్నలుంటే బయట అడగండి, చెబుతాను.