లోపలి లిస్టుల్ని సైజు బట్టి పేర్చడం

నమస్తే అండీ. కోడ్ స్క్రీన్ మీద పెట్టడం లేదు, మాటల్లోనే చెప్తాను. పని ఒక్క లైనుదే, దాని చుట్టూ ఉన్న గొడవే ఎక్కువ.

ఒక లిస్టులో నాలుగు చిన్న లిస్టులున్నాయి అనుకోండి. మొదటిదాంట్లో 3, 1, 2. రెండోదాంట్లో 7 ఒక్కటే. మూడోదాంట్లో 5, 4. ఆఖరిదాంట్లో 9 ఒక్కటే. పొట్టివి ముందు రావాలి. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో, వరసగా పేర్చే సార్టెడ్‌కి ఈ లిస్టు ఇచ్చి, దేన్ని బట్టి పేర్చాలో చెప్పే కీ దగ్గర, పొడవు లెక్కపెట్టే లెన్ ఫంక్షన్ పేరు రాస్తే అయిపోయింది. లెన్ పక్కన బ్రాకెట్లు పెట్టకండి, ఆ ఫంక్షన్‌ని మనం పిలవడం లేదు, పైథాన్‌కి అప్పగిస్తున్నాం, ఒక్కో చిన్న లిస్టుకి ఒక్కోసారి అదే పిలుచుకుంటుంది.

మరి 7, 9 ఉన్న లిస్టుల పొడవు ఒకటే కదా, ఏది ముందు? 7. మొదట్నుంచీ అదే ముందుంది కాబట్టి. ఇలా సమానమైనవాటి వరస చెదరకపోతే దాన్ని స్టేబుల్ సార్ట్ అంటారు. 2002లో టిమ్ పీటర్స్ పైథాన్ కోసం రాసిన టిమ్‌సార్ట్ అనే పేర్చే పద్ధతికి ఈ గుణం ఉంది. రూబీ అనే ఇంకో భాషలో ఇదే పని చేసే సార్ట్ బై ఆ హామీ ఇవ్వదు.

జావాస్క్రిప్ట్ దగ్గరే అసలు టెన్షన్. అక్కడ లిస్టుని అర్రే అంటారు. ఊరికే సార్ట్ అంటే లోపలి అర్రేలన్నిటినీ స్ట్రింగులుగా, అంటే అక్షరాల వరసలుగా మార్చి అక్షర క్రమంలో పెడుతుంది, పొడవు సంగతి దానికి పట్టదు. అందుకే రెండు అర్రేల్ని పోల్చే ఫంక్షన్ రాసి, మొదటిదాని పొడవులోంచి రెండోదాని పొడవు తీసేసి ఆ తేడాని సార్ట్‌కి ఇవ్వాలి: మైనస్ వస్తే మొదటిది ముందు, సున్నా వస్తే సమానం. చాలామంది తీసివేతకి బదులు 'ఇది దానికంటే పెద్దదా' అని రాసేస్తారు. దానికి వచ్చే జవాబు అవును, కాదు, అంటే 1 లేదా 0, మైనస్ ఎప్పటికీ రాదు. పాత క్రోమ్‌లో పది లోపు ఐటమ్స్ ఉంటే ఆ తప్పు కోడ్ కూడా అదృష్టం కొద్దీ నడిచేది. 2018లో క్రోమ్ 70 టిమ్‌సార్ట్‌కి మారింది, అప్పట్నుంచి ఆ కోడ్ అర్రేని ముట్టుకోకుండా అలాగే తిరిగిచ్చేస్తోంది. ఎర్రర్ కూడా రాదు, అదీ బాధ. ఇంకోటి, ఈ సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది, కాపీ కావాలంటే 2023లో వచ్చిన టుసార్టెడ్ వాడండి.

సైజు అంటే పై వరసేనా, అడుగున ఉన్న అంకెలన్నీనా అన్నది కూడా ముందే తేల్చుకోండి. లెన్ పై వరసనే లెక్కపెడుతుంది. పీహెచ్‌పీ భాషలో లెక్కపెట్టే కౌంట్‌కి రికర్సివ్, అంటే లోపలివాటిలోకి కూడా దిగి లెక్కపెట్టు అని చెప్పొచ్చు గానీ, అది లోపలి అర్రేని కూడా ఒక ఐటమ్ కింద లెక్కేస్తుంది. 1, దాని పక్కన 2, 3 ఉన్న అర్రే ఇస్తే మూడు అంకెలకి నాలుగు అంటుంది. కాబట్టి ఆ లెక్కకి చిన్న ఫంక్షన్ మీరే రాసుకోవాలి. ఇక ప్రశ్నలుంటే అడగండి.