చిక్కుడు దిగిన పందిరి

శ్రోతలకు నమస్కారం.

పంచాంగం ప్రకారం మాఘ ఫాల్గుణ మాసాలు శిశిర ఋతువుకు చెందినవి, వసంతం ఉగాదితో గాని మొదలు కాదు. అయితే కృష్ణా డెల్టాలో గుడివాడకు దగ్గరగా ఉన్న మా ఇంటి పెరట్లో ఉగాది దాకా ఆగే మొక్క ఒక్కటీ లేదు. రథసప్తమి వెళ్లిన నాలుగు రోజులకే మట్టిలో చల్లదనం విరుగుతుంది, మామిడి పూత విచ్చుకుంటుంది, చలికాలమంతా కాసిన చిక్కుడు తీగ ముదిరి ఎండు మొహం పడుతుంది. ఏడాదిలో నాకు అన్నింటికన్నా తీరిక లేని రోజులు ఇవే. ఈ వయసులో తోటపని మంచి కాలక్షేపమని చాలామంది నాతో అంటుంటారు, ఆ మాట నాకు నచ్చదు. మాఘంలో గింజ పెట్టకపోతే చైత్రంలో ఇంట్లో వండుకోవడానికి బీరకాయ ఉండదు, దీనిని కాలక్షేపమని ఎలా అనగలం?

మా ఇంట్లో ఐదుగురం ఉంటాం. పెద్దబ్బాయి, బడిలో లెక్కలు చెప్పే కోడలు, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం పరీక్షలకు చదువుతున్న మనవడు, ఎనిమిదో తరగతి మనవరాలు, నేను. తెల్లవారుజామున నేను లేచేసరికి మనవడి గదిలో దీపం వెలుగుతూ ఉంటుంది. వాడికి కాఫీ ఇచ్చి, వాకిట్లో కళ్లాపి చల్లి, పొయ్యి మీద పప్పు పడేసేలోగా కోడలు లేచి కూర తరుగుతుంది. ఎనిమిదిన్నరకు నాలుగు క్యారేజీలూ గడప దాటుతాయి. అక్కడినుంచి ఎండ నెత్తికెక్కే దాకా, అంటే సుమారు రెండు గంటలు, పెరడు నాది. ఆ తరువాత వడియాలు, బట్టలు, గ్యాసు బండ తెచ్చే అబ్బాయి, నా మందులు, ఇవన్నీ వరుసగా వచ్చి పడతాయి.

పెరడంటే పెద్దదని అనుకోవద్దు. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి కారు పెట్టుకోవడానికి మొత్తం గచ్చు చేయిస్తానన్నాడు. నేను రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు కోడలు కల్పించుకుని, "అత్తయ్యగారికి పందిరి దాకా వదిలేయండి, మిగతాది మీరు చేయించుకోండి" అని తీర్పు చెప్పింది. అలా పది అడుగుల వెడల్పు, పాతిక అడుగుల పొడవు ఉన్న నేల నాకు మిగిలింది. అందులోనే ఒక చిన్న రసం మామిడి చెట్టు, కరివేపాకు, రెండు మల్లె పొదలు, గోడ వారన పందిరి ఉన్నాయి.

రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, పిడకల మీద వండిన పరమాన్నాన్ని చిక్కుడు ఆకుల్లో సూర్యుడికి నైవేద్యం పెట్టడం మన ఇళ్లలో అందరికీ తెలిసిన ఆచారమే. ఏడు జిల్లేడాకులు, రేగిపండ్లు తల మీద పెట్టుకుని స్నానం చేయడానికి మనవరాలు మొదట మొండికేసినా, రథానికి కాయలు గుచ్చే పని మాత్రం ఎవరికీ ఇవ్వదు. ఆ పండుగ దాటాక చిక్కుడుతో నా పని తీరుతుంది. విత్తనానికని పది పన్నెండు కాయలను తీగ మీదే ఎండనిచ్చి, అవి గలగలమన్నాక కోసి, తీగను మొదలంటా నరికి పందిరి ఖాళీ చేస్తాను. ఆ పందిరి కిందనే అడుగు లోతు, అడుగు వెడల్పు గుంటలు తీసి, మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి మట్టితో కలిపి నింపి, బీర, సొర, కాకర గింజలు పెడతాను. మాది రేగడి నేల. తడిస్తే బంకలా అంటుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందువల్ల ఎరువు పాలు ఎక్కువ ఉంటే గాని లేత వేరు కిందికి దిగలేదు.

కాకర గింజ పైపెంకు గట్టిది. రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, పొయ్యి గట్టు పక్కన వెచ్చగా ఒకటి రెండు రోజులు ఉంచితే త్వరగా మొలుస్తుంది. మా అమ్మాయి అమెరికాలో డల్లాస్‌లో ఉంటుంది. "అమ్మా, బెండ గింజలు ఇప్పుడు పెట్టనా?" అని ఈ మధ్యనే ఫోనులో అడిగింది. అక్కడ రాత్రిపూట ఇంకా మంచు పడుతోందట. చల్లటి తడి మట్టిలో గింజ మొలవకుండా కుళ్లిపోతుంది కనుక, నేల వెచ్చబడే దాకా డబ్బాలోనే ఉంచమన్నాను.

నీటి విషయం కాస్త వివరంగా చెప్పాలి. మా ప్రాంతంలో బోరు వేస్తే ఉప్పునీరు పడుతుంది. బియ్యం కడిగిన నీరు కరివేపాకుకు, పప్పు కడిగిన నీరు మల్లెకు, కూరలు కడిగిన నీరు పందిరికి వెళ్తాయి. ఇందుకోసం వంటింటి గుమ్మం దగ్గర మూడు బక్కెట్లు పెట్టాను. కోడలు పిల్లల టెస్టు పేపర్లు దిద్దుతూనే ఏ బక్కెట్టు నిండిందో చెప్పగలదు. ఆర్వో యంత్రం పక్కకు వదిలే నీటిని కూడా పొదుపు పేరుతో రెండు నెలలపాటు మిరప మొక్కలకు పోశాను. ఆకుల అంచులు మాడిపోయాక గాని, యంత్రం మనకు మంచినీరు ఇచ్చి ఉప్పునంతా ఆ నీటిలోనే చిక్కగా వదులుతుందన్న సంగతి నాకు తట్టలేదు. ఇప్పుడు ఆ నీటితో వాకిలి కడుగుతున్నాం.

నా పొరపాటు మరొకటి కూడా చెబుతాను. నిరుడు సొర ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు కనిపిస్తే, ఒక దుకాణంలో ఇచ్చిన గంధకం పొడిని అడగకుండా, ఆలోచించకుండా చల్లాను. మూడో రోజుకల్లా ఆకులు కాల్చినట్టు ఎండిపోయాయి. సొర, బీర, దోస వంటి తీగ జాతులు గంధకాన్ని ఓర్చుకోలేవని పొలం చేసే మా తమ్ముడు తరువాత చెప్పాడు. లేత మొక్కలకు ఎర్రటి పెంకు పురుగు పట్టినప్పుడు కూడా నేను ఇప్పుడు మందుల జోలికి పోను. తెల్లవారగానే, చలికి ఆ పురుగులు చురుకు లేకుండా ఉన్నప్పుడే, చేత్తో ఏరి సబ్బునీళ్లలో వేసి, ఆకుల మీద జల్లించిన పొయ్యి బూడిద పలుచగా చల్లుతాను. మనవరాలు బడికి వెళ్లేలోగా పది పురుగులు ఏరితే రూపాయి ఇస్తానన్నాను. మొదటి వారంలో నాలుగు రూపాయలు నా దగ్గర వసూలు చేసింది.

మల్లె సంగతి దీనికి భిన్నం. డిసెంబరులోనే నీరు తగ్గించి, సంక్రాంతి వెళ్లాక కొమ్మలను మోకాలెత్తున కత్తిరించి, మిగిలిన ఆకంతా దూసేస్తాను. ఆ మోడులను చూసి పక్కింటావిడ ప్రతి ఏడూ "చంపేశారేంటండీ పిన్నిగారూ" అంటుంది. ఆ తరువాత ఎరువు వేసి నీరు పెడితే, శివరాత్రి నాటికి ప్రతి కణుపు దగ్గరా లేత చిగురు కనబడుతుంది.

మామిడికి మాత్రం ఇప్పుడు నీరు పెట్టను. పూత మీద నీరు పెడితే చెట్టు చిగురు మీదికి మళ్లుతుంది, అందుకే పిందె బఠాణీ గింజంత అయ్యే దాకా ఆగుతాను. మంచు పట్టిన ఉదయాలు పూతకు చేటు. దానికి తోడు ఈ ఏడాది తేనెమంచు పురుగు కూడా వచ్చింది. దీనిని మొదట కనిపెట్టింది మా అబ్బాయి. చెట్టు కింద పెట్టిన కారు అద్దం మీద జిగురు మెరుస్తుంటే, చేతిరుమాలుతో తుడిచి, అది అంటుకుపోగా, "అమ్మా, నీ చెట్టు నా కారు మీద తేనె పోస్తోంది" అని వచ్చాడు. లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, చిటికెడు సబ్బుపొడి కలిపి, తేనెటీగలు వెళ్లిపోయిన సాయంకాలం వేళ వాడి చేతనే చల్లించాను. కారు కోసమే చల్లాడో, ఆవకాయ కోసమే చల్లాడో నేను అడగలేదు.

పందిరి దగ్గరికి మళ్లీ వస్తాను. ఈసారి నాలుగు గుంటల్లో రెండేసి చొప్పున ఎనిమిది కాకర గింజలు పెట్టాం. తొమ్మిదో రోజుకు ఆరు మొలిచాయి. నాలుగో గుంట బోసిగానే ఉంది. గింజ పుచ్చిందేమోనని నేను అనుకుంటూ ఉంటే, మనవరాలు నా కొంగు పట్టుకుని నిలబడి, "నానమ్మా, మొలిచాయో లేదోనని రోజూ తవ్వి చూశాను" అని చెప్పింది. తవ్విన ప్రతిసారీ జాగ్రత్తగా కప్పి పెట్టిందట కూడా. డబ్బాలో మిగిలిన గింజల్లో రెండింటిని నిన్న రాత్రి నానబెట్టాం. గుడ్డ మూట ఇప్పుడు పొయ్యి గట్టు పక్కనే ఉంది, దానిని విప్పి చూడకూడదని మనవడు దాని మీద కాగితం రాసి అంటించాడు.